వికలాంగుల వేషం ఎవరు వెయ్యాలి? మా మూడు ఊర్ల చరిత్ర చెప్పే జవాబు

గేరి నుంచి చరిత్ర – 17వ భాగం



పోయిన నెల హిందూపురంలో ఒక హాస్టల్ పిల్లలతో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నాను. భోజనాలయ్యాక ఎవరో 'శ్రీకాంత్' సినిమా సంగతి ఎత్తారు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టి, ఇంటర్లో సైన్స్ చదవనివ్వకపోతే కోర్టుకెక్కి గెలిచి, అమెరికాలో ఎంఐటీలో చదివొచ్చి, హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టిన శ్రీకాంత్ బొల్లా కథ అది. 2024లో హిందీలో తీశారు. ఆ వేషం వేసింది రాజ్‌కుమార్ రావు, చూపున్న నటుడు. బాగా చేశాడు, అందులో వంక పెట్టడానికి లేదు.

అందరూ సినిమాని మెచ్చుకుంటుంటే, వెనక గోడకానుకొని కూర్చున్న ఒక తమ్ముడు నోరు విప్పాడు. డిగ్రీ రెండో సంవత్సరం. ఒక కాలు సన్నం, ఈడ్చి నడుస్తాడు.

"అన్నా, మా కాలేజీ నాటకంలో కుంటోడి వేషం ఉండె. నన్ను అడగలేదు. నా ఫ్రెండుకిచ్చినారు. ఇచ్చి, 'వీడు ఎట్లా నడుస్తాడో చూసి నేర్చుకో' అన్నారు. వాడు వారం రోజులు నా ఎనకే తిరిగి నేర్చుకున్యాడు. ప్రైజు కూడా వచ్చింది."

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒక పాప అడిగింది. "అయితే అన్నా, కాలు లేనోళ్ళ వేషం కాలు లేనోళ్ళే వెయ్యాల్నా? అట్లయితే మన వేషాలు మనమే వెయ్యాల్నా? రాజు వేషం రాజే వెయ్యాల్నా?"

ఆ రాత్రి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ భాగం ఆ జవాబు కోసమే రాస్తున్నాను. దానికి దూరం పోవాల్సిన పనిలేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊర్ల చుట్టూ తిరిగితే చాలు. రైల్లో గంటన్నర రెండు గంటల దారి, నూటయాభై ఏళ్ళ నాటక చరిత్ర.

ముందు పెనుకొండ.

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు హంపి విడిచి రాజధానిగా చేసుకున్నది పెనుకొండనే. అంతకుముందే, అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542), ఇక్కడ విరూపణ్ణ అనే అధికారి ఉండేవాడు. హిందూపురం పక్కన లేపాక్షి గుడి కట్టించింది ఆయనా, ఆయన తమ్ముడు వీరణ్ణా. లేపాక్షి పోయినోళ్ళందరికీ గైడు ఒక గోడ చూపిస్తాడు. దాని మీద రెండు ఎర్రటి మరకలు. రాజు ఊర్లో లేనప్పుడు విరూపణ్ణ ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడనీ, రాజు తిరిగొచ్చి కళ్ళు పీకించమన్నాడనీ, బంట్లు వచ్చేలోగా తన కళ్ళు తానే పీక్కొని ఆ గోడకు విసిరాడనీ కథ.

ఇది నిజంగా జరిగిందని నేననడం లేదు. కానీ కథలో ఉన్న ఆలోచన చూడండి. కళ్ళు పోవడమంటే శిక్ష. పుట్టుకతో చూపు లేని మనిషి ఈ కథలో ఎక్కడా లేడు. ఉన్నది తప్పు చేసినందుకు, చేశాడని అనిపించుకున్నందుకు, కళ్ళు పోగొట్టుకున్న మనిషి. మన ఊర్లల్లో చూపు లేని బిడ్డ పుడితే "ఏ పాపం చేసుకున్నారో" అని ఈరోజుకీ అంటారా లేదా? ఆ మాటకీ ఈ కథకీ తల్లివేరు ఒకటే. మనల్ని అంటరానోళ్ళుగా పుట్టించింది కూడా పోయిన జన్మ పాపమే అన్నారు కదా. కర్మ అనే ఆ ఒక్క మాటతో వాళ్ళనీ మనల్నీ ఒకే దెబ్బకు కొట్టారు.

ఇప్పుడు ధర్మవరం.

ధర్మవరం పట్టుచీరలకే కాదు, నాటకానికీ పేరు. ఆంధ్ర నాటక పితామహుడని పిలిచే ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఇక్కడివాడే. బళ్ళారిలో సరసవినోదినీ సభ పెట్టి తెలుగు నాటకాన్ని నిలబెట్టాడు. ఆయన నాటకాల్లో పేరున్నది 'విషాద సారంగధర'. తెలుగులో విషాదాంత నాటకానికి దారి తీసింది ఇదేనంటారు.

కథ మీకు తెలిసిందే. రాజమహేంద్రవరం రాజు రాజరాజనరేంద్రుడు, ఆయన చిన్న భార్య చిత్రాంగి, సవతి కొడుకు సారంగధరుడు. చిత్రాంగి మోజు పడింది, పిల్లోడు కాదన్నాడు, ఆమె తిరగేసి నింద వేసింది. రాజు వెనకాముందూ చూడకుండా కొడుకు కాళ్ళూ చేతులూ నరికించాడు. జనంలో తిరిగే కథలో ఒక సిద్ధుడొచ్చి ఆ కాళ్ళూ చేతులూ మళ్ళీ మొలిపిస్తాడు.

ఇక్కడా అంతే. అవిటితనం అంటే శిక్ష, లేదంటే మహిమ వల్ల పోయే కష్టం. కాళ్ళూ చేతులూ లేకుండా బతికి, పెళ్ళి చేసుకొని, పని చేసుకొని, పేచీలు పడి, నవ్వి, ముసలివాడయ్యే సారంగధరుడు ఎవరికీ అక్కర్లేదు. చస్తే కన్నీళ్ళు పెడతారు, బాగైతే చప్పట్లు కొడతారు. మధ్యలో ఉన్న బతుకు మాత్రం వేదిక మీదికి రాదు.

ఇక హిందూపురం. ఈ ఊరికి సినిమాతో చుట్టరికం పాతది. 1985లో ఎన్టీ రామారావు మూడు చోట్ల పోటీ చేసి మూడూ గెలిచి హిందూపురాన్నే ఉంచుకున్నారు. 1989, 1994లోనూ ఇక్కడే గెలిచారు. 2014 నుంచి ఆయన కొడుకు బాలకృష్ణ గెలుస్తున్నారు. ఆ రామారావే 1957లో వచ్చిన 'సారంగధర' సినిమాలో సారంగధరుడు, భానుమతి చిత్రాంగి. 1956లో 'చిరంజీవులు'లో చూపు పోయిన మనిషి. 1961లో 'కలసివుంటే కలదు సుఖం'లో ఒక చెయ్యీ ఒక కాలూ పడిపోయిన కిష్టయ్య. 1963లో 'నర్తనశాల'లో బృహన్నల. ఆయనది గొప్ప నటన, మా నాయన తరమంతా ఆ కిష్టయ్యను చూసి ఏడ్చింది. నేనడిగేది నటన బాగుందా లేదా అని కాదు. ఒక్క మనిషికి ఇన్ని ఒళ్ళల్లోకి దూరే స్వేచ్ఛ ఉన్నప్పుడు, నిజంగా చెయ్యి పడిపోయిన మనిషికి ఒక్క వేషమన్నా ఎందుకు దొరకలేదు అని.

"నటనంటేనే ఇంకొకరు కావడం కదా, ఎవరైనా ఎవరి వేషమైనా వెయ్యొచ్చు" అని మీకు జవాబొస్తుంది. వినడానికి బాగుంది. సూత్రంగా నేనూ ఒప్పుకుంటాను. కానీ చరిత్రలో ఈ సూత్రం ఎవరికి పనికొచ్చింది, ఎవరికి పనికిరాలేదు అన్నది చూడాలి. దానికి మళ్ళీ ధర్మవరం వారింటికే పోదాం.

రామకృష్ణమాచార్యుల మేనల్లుడే బళ్ళారి రాఘవ (1880–1946). మన తాడిపత్రిలో పుట్టి, బళ్ళారిలో లాయరుగా ఉంటూ, తెలుగు వేదిక మీద మహానటుడనిపించుకున్నాడు. విజయనగర పతనం మీద కోలాచలం శ్రీనివాసరావు రాసిన నాటకంలో ఆయన వేసిన పఠాన్ రుస్తుం వేషాన్ని పాతతరం కథలుగా చెప్పుకునేది. ఆ కాలంలో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవాళ్ళు. స్థానం నరసింహారావు చీర కట్టి చిత్రాంగిగా వస్తే ఆడవాళ్ళే ఆ చీరకట్టు చూసి నేర్చుకునేంత పేరు. 1956లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. అలాంటి కాలంలో రాఘవ, ఆడవేషం ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టాడు. కొమ్మూరి పద్మావతీదేవి లాంటివాళ్ళను వేదిక మీదికి తెచ్చి వాళ్ళ పక్కన నటించాడు. తిట్లు తిన్నాడు.

ఆ రోజుల్లో అన్న మాటలేంటి? మగవాడు వేస్తేనే కళ. ఆడవాళ్ళకు అంత గొంతు ఎక్కడిది? రాత్రుళ్ళు రిహార్సళ్ళకు రాగలరా? టికెట్లు తెగుతాయా? ఈరోజు వికలాంగ నటుల గురించి అనే మాటల పక్కన వీటిని పెట్టి చూడండి. వీల్‌చైర్‌తో షూటింగు సాగుతుందా? డైలాగు అందుకోగలరా? స్టారు లేకపోతే సినిమా ఆడుతుందా? ఒక్క మాట కూడా కొత్తది కాదు.

ఇక్కడొక దిద్దుబాటు కూడా చెయ్యాలి, ఎందుకంటే మన చరిత్రను మనం చెప్పకపోతే ఎవరూ చెప్పరు. రాఘవ గొప్పవాడే, కానీ ఆడవాళ్ళు వేదిక ఎక్కింది రాఘవతో మొదలు కాలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి సమాజంలో ఇంటి ఆడవాళ్ళు వేషాలు కట్టారు. కళావంతుల ఆడవాళ్ళు ఎప్పటినుంచో ఆడారు. మాదిగల్ని ఆశ్రయించి బతికిన చిందు కళాకారుల్లో ఆడవాళ్ళు దేవతలూ అయ్యారు, రాజులూ అయ్యారు. నిజామాబాద్ వైపు చిందుల ఎల్లమ్మ ఆడవేషంతోపాటు మగవేషమూ కట్టింది. "ఆడవాళ్ళు వేదిక ఎక్కలేదు" అంటే అర్థం, గౌరవం ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళు ఎక్కలేదని. ఎక్కినవాళ్ళను లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

ఇక మన సంగతి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. అంటరానితనం మీద దెబ్బ కొట్టిన సినిమా, చలం కథ. మాలపిల్లగా వేసింది అప్పటి పెద్ద తార కాంచనమాల. మన పిల్ల కాదు. మన బతుకు తెరకెక్కింది, మన మనిషి ఎక్కలేదు. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు, అభ్యుదయం అన్నారు. ఇదే కాలానికి కొంచెం ముందు ఇంకోటి జరిగింది. మలయాళంలో తొలి సినిమా 'విగతకుమారన్'లో పి.కె. రోజీ అనే దళిత అమ్మాయి నాయర్ స్త్రీ వేషం వేసింది. పెత్తందారీ కులాలు గొడవకు దిగాయి, ఆమె ఇల్లు తగలబెట్టాయి. ఆమె ఊరొదిలి తమిళనాడుకు పారిపోయి, పేరు దాచుకొని బతికింది. మళ్ళీ సినిమా ముఖం చూడలేదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టండి. పైనున్నవాళ్ళు కిందివాళ్ళ వేషం కడితే కళ. కిందివాళ్ళు పైవాళ్ళ వేషం కడితే నేరం. "ఎవరైనా ఎవరి వేషమైనా వెయ్యొచ్చు" అన్న సూత్రం వన్‌వే రోడ్డు లాంటిది. హాస్టల్లో ఆ పాప అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇక్కడ మొదలవుతుంది. రాజు వేషం రాజే వెయ్యనక్కర్లేదు, ఎందుకంటే వేషాలు దొరక్క ఏ రాజూ పస్తు పడుకోలేదు.

వికలాంగుల విషయంలో ఈ వన్‌వే ఎలా నడుస్తుందో చూడండి. హెరాల్డ్ రస్సెల్ అని అమెరికా సైనికుడు, 1944లో శిక్షణలో పేలుడు జరిగి రెండు చేతులూ పోయాయి. 1946లో 'ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్' సినిమాలో చేతులు పోయిన సైనికుడిగా వేశాడు. నటుడిగా ఎలాగూ గెలవడులే అనుకొని ముందే ఒక గౌరవ ఆస్కార్ ఇచ్చారు. తీరా సహాయ నటుడి ఆస్కార్ కూడా ఆయనకే వచ్చింది. ఒకే వేషానికి రెండు ఆస్కార్లు. ఆ తర్వాత మళ్ళీ ఒక సినిమాలో వేషం వెయ్యడానికి ఆయనకు ముప్పై ఏళ్ళు దాటింది. అదే డేనియల్ డే లూయిస్, అవయవాలు బాగున్న నటుడు, 'మై లెఫ్ట్ ఫుట్' (1989)లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న మనిషిగా వేసి ఆస్కార్ తీసుకున్నాడు. ఆయనకు ఆ తర్వాత దారి ఇంకా పెద్దదైంది. ఒకరికి ఆ వేషం నిచ్చెన. ఇంకొకరికి అదే వేషం గోడ.

మన తెలుగులో దీనికి ఎదురు సాక్ష్యం ఒకటుంది. సుధా చంద్రన్. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదం, ఒక కాలు తీసేశారు. జైపూర్ పాదంతో మళ్ళీ నాట్యం నేర్చుకుంది. రామోజీరావు నిర్మించి, సింగీతం శ్రీనివాసరావు తీసిన 'మయూరి'లో తన కథలో తానే నటించింది. జాతీయ స్థాయిలో స్పెషల్ జ్యూరీ అవార్డు వచ్చింది. ఆ సినిమా ఆడలేదా? బ్రహ్మాండంగా ఆడింది, హిందీలో మళ్ళీ తీశారు. అంతకంటే ముఖ్యమైన సంగతి తర్వాతది. ఆమె టీవీలో దశాబ్దాలుగా అత్తగా, విలన్‌గా, కాలుతో ఏ సంబంధమూ లేని వేషాలు వేస్తూనే ఉంది. మనం అడగాల్సింది ఇదే. ఒక్క వికలాంగ వేషం కాదు, అన్ని వేషాలూ.

కానీ 'మయూరి' వచ్చి నలభై ఏళ్ళవుతోంది. ఆ తలుపు అక్కడే ఆగింది. 'సిరివెన్నెల' (1986)లో చూపు లేని వేణువు విద్వాంసుడు చూపున్న నటుడే. 'ఊపిరి' (2016), 'రాజా ది గ్రేట్' (2017), 'రంగస్థలం' (2018), అన్నింటిలోనూ అంతే. ఇందులో నాకూ ఇష్టమైన సినిమాలున్నాయి. 'రంగస్థలం'లో చిట్టిబాబుకు చెవుడుంది, ప్రేముంది, కోపముంది, ఊరి పెత్తందారుతో కొట్లాట ఉంది. వేషం రాయడంలో మనవాళ్ళు ముందుకు పోయారు. వేషం ఇవ్వడంలో పోలేదు.

చట్టం సంగతి కూడా చదువుకునే పిల్లలు తెలుసుకోవాలి. 1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించింది, 2016 చట్టం 21 రకాలను. ఉద్యోగాల్లో రిజర్వేషన్ 3 శాతం నుంచి 4 శాతమైంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. 2024 జూలై 8న నిపుణ్ మల్హోత్రా కేసులో సుప్రీంకోర్టు, సినిమాల్లో వికలాంగులను ఎలా చూపాలో కొన్ని సూత్రాలు చెప్పింది. కించపరిచే మాటలు వద్దంది, వాళ్ళ గురించి తీసేటప్పుడు వాళ్ళను కలుపుకోమంది. మేము లేకుండా మా గురించి ఏదీ వద్దు అన్న వికలాంగ ఉద్యమం మాటను గుర్తుచేసింది. వేషం ఎవరికివ్వాలో మాత్రం శాసించలేదు. అది కొట్లాడి తెచ్చుకోవాల్సిందే.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను. మా చిన్నాయనకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. తప్పెట కొడితే మా గేరి అదిరిపోయేది. ఊర్లో పండగ నాటకం ఆడితే ఆయన తప్పెట కావాలి, ఆయన మాత్రం తెర వెనక నేల మీద కూర్చోవాలి. ఆయన నడకను మాత్రం బఫూన్ వేషగాడు ప్రతి ఏడూ తెర ముందు చేసి చూపించేవాడు. జనం పడీపడీ నవ్వేది. తెర వెనక కూర్చొని ఆయనా నవ్వేవాడు. నవ్వకపోతే మరుసటేడు పిలవరు.

పెద్దయ్యాక పెన్షన్ కోసం సదరం క్యాంపుకు తీసుకుపోయాను. ఆస్పత్రి పేరు ఎందుకులే, ఎక్కడైనా ఇదే కథ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లైను. చివరికి బల్ల దగ్గర కూర్చున్నాయన తలెత్తి చూసి, "ఇంకొంచెం సరిగ్గా నడువు, నటిస్తాండావేమో" అన్నాడు. చిన్నాయన మూడుసార్లు ఆ గదిలో నడిచి చూపించాడు.

ఆ మాట నా చెవుల్లోంచి ఇంతవరకూ పోలేదు. అవయవాలు బాగున్నవాడు కుంటోడిగా నటిస్తే అవార్డు. నిజంగా కాలు లేనివాడు నడిస్తే నటిస్తున్నాడని అనుమానం. ఈరోజు ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పెన్షన్ నెలకు 6,000 రూపాయలు. ఆ డబ్బు కోసం ఏళ్ళ తరబడి పరీక్షకు నిలబడాల్సింది వాళ్ళే. అవిటితనం అంటే ఎలా ఉంటుందో జనం సినిమాలో చూసి నేర్చుకున్నారు, అలా లేకపోతే నమ్మరు. ఒక రోజు బాగా నడిచి, ఒక రోజు నడవలేని మనిషి ఉంటాడని ఏ సినిమా చూపించింది? వేషం ఎవరు వేస్తారన్నది వినోదం ముచ్చట కాదు, క్యాంపులో బల్ల దాకా వచ్చే ముచ్చట.

పేర్ల విషయంలోనూ మనకు వాళ్ళతో చుట్టరికముంది. గాంధీ మనకు 'హరిజన' అని పేరు పెట్టాడు, మనల్ని అడగలేదు. 2015 చివర్లో ప్రధాని వాళ్ళకు 'దివ్యాంగ్' అన్న పేరు తెచ్చాడు, చాలా వికలాంగ సంఘాలు వద్దన్నాయి. దేవుణ్ణి తగిలిస్తే హక్కు అడగరనుకుంటారేమో. హక్కు అడగడంలో మాత్రం మనం కలిసే ఉన్నాం. మాదిగ దండోరా నడిపిన మంద కృష్ణ మాదిగే వికలాంగుల హక్కుల పోరాట సమితి పెట్టి పెన్షన్ల కోసం వాళ్ళను రోడ్డెక్కించాడు. ఇది మన ఉద్యమ చరిత్రలో గర్వంగా చెప్పుకోవాల్సిన పేజీ.

ఇక సూటిగా నా మాట. వికలాంగుల వేషం వికలాంగులు 'మాత్రమే' వెయ్యాలా?

ఒకటి. మొదటి హక్కు వాళ్ళదే. ముందు వాళ్ళను వెతకాలి, పిలవాలి, పరీక్షించాలి, నేర్పాలి. రిజర్వేషన్ మీద మనం చెప్పే న్యాయమే ఇది. తలుపు మూసి ఉన్నంతకాలం "ప్రతిభ ఉన్నోళ్ళకిద్దాం" అనడం మోసం.

రెండు. 'మాత్రమే' అన్నది శాశ్వత చట్టం కాకూడదు. సారంగధరుణ్ణే తీసుకోండి, నాటకమంతా కాళ్ళూ చేతులతో ఉండి చివర్లో పోగొట్టుకుంటాడు. ఆ వేషం ఎవరిది? బయటికి కనబడని వైకల్యం ఉన్న నటుణ్ణి సదరం సర్టిఫికెట్ చూపించమందామా? కులం సర్టిఫికెట్ పట్టుకొని మనం పడ్డ అవమానం వేదిక ఎక్కేముందు వాళ్ళకెందుకు?

మూడు. 'మాత్రమే' అనేది తిరగబడి గేరి కాగలదు. "మీ వేషాలు మీకిచ్చాం కదా, అక్కడే ఉండండి" అంటారు. మనకు ఊరి బయట గేరి ఇచ్చినట్టు. మనకు కావాల్సింది గేరి కాదు, ఊరు.

స్త్రీ వేషాల చరిత్ర చెప్పేది ఇదే. ఆడవాళ్ళు వేదిక నిండా వచ్చేశాక, ఎక్కడన్నా ఒక మగవాడు ఆడవేషం కడితే ఎవరికీ బాధ లేదు. ముందు రావాల్సింది ఆడవాళ్ళు. ఆ వరస తప్పకూడదు. మార్లీ మాట్లిన్ (1987), ట్రాయ్ కోట్సర్ (2022), చెవుడున్న ఇద్దరు నటులు ఆస్కార్ తీసుకోవడానికి మధ్య ముప్పై అయిదేళ్ళు పట్టింది. మనం అంతకాలం ఆగక్కర్లేదు. కాలేజీ నాటకాలతో మొదలుపెట్టొచ్చు.

ఆ రాత్రి నేను లేచి వచ్చేటప్పుడు ఆ తమ్ముణ్ణి అడిగాను. "వచ్చే ఏడు కుంటోడి వేషం నీకే ఇప్పిస్తే చేస్తావా?"

"వద్దన్నా," అన్నాడు. "అది నేను దినామూ చేస్తానే ఉండా. నాకు దుర్యోధనుడి వేషం కావాల."

పద్యాలొచ్చా అనడిగాను. లేచి నిలబడి, గోడ పట్టుకోకుండా, ఒకటి అందుకున్నాడు. హాస్టలంతా లేచింది.

మీ కాలేజీలో, మీ సంఘంలో, మీ ఊరి పండగ నాటకంలో ఇలాంటి ఒకరుంటారు. తెర వెనక చూడండి. వచ్చే భాగంలో కలుద్దాం.

జై భీమ్.